చెన్నపురి పూటకూళ్లు : తెలుగువారి పాలు

చెన్నపురి చరిత్రను వ్రాసినవారు కోటను గూర్చియు, కంపెనీ దొరలను గూర్చియు, దేవాలయములను గూర్చియు విరివిగా వ్రాసిరి. మూడువందల ఎనుబది యేండ్లు దాటిన యీ రేవుపట్టణము ఏమి తిని బ్రదికెను, ఆ తిండిని ఎవరు తెచ్చిరి, ఎవరు వండిరి, ఎవరు అమ్మిరి అను ప్రశ్నలు వారికి చిన్నవిగా తోచినట్లున్నవి. నేను చరిత్రాచార్యుడను కాను. ఈ పట్టణమున ఒక అల్పసంఖ్యాక భాషా పాఠశాలలో తెలుగు చెప్పుకొను ఉపాధ్యాయుడను. అయినను, హోటళ్లకు పేరువడిన యీ నగరమున తెలుగువాని అన్నము ఎచ్చట నున్నదో వెదకి చూచుట మనకు అవసరమని తలచి యీ వ్యాసమునకు పూనుకొంటిని.

ఆ అవసరమేమో ముందుగా మనవి చేసెదను. నేడు చెన్నపురిలో అనేక పేటలలో 'ఆంధ్రా భోజనము' అను బోర్డు కనబడును. ఆ బోర్డునకు జనులు చెప్పుకొను అర్థము ఒక్కటే: కారము. కందిపొడి, గోంగూర, ఆవకాయ, ఎఱ్ఱగా వండిన కోడికూర, ఇవి సరిహద్దునకు ఆవలినుండి వచ్చిన వంటకములుగా చెలామణి యగుచున్నవి. ఆ బోర్డు వ్రేలాడు వీధికి కూతవేటు దూరముననే తరతరములుగా ఇంట తెలుగు మాటాడు కుటుంబములు కాపురమున్నవి. వారి వంట ఆ విస్తరిలో లేదు. పట్టణము తెలుగువానిని అతిథిగా ఎఱుగును గాని ఇంటివానిగా ఎఱుగదు. ఈ భావము చరిత్రకు నిలుచునా యనునదే యిచ్చట విచార్యాంశము.

1639వ సంవత్సరము ఆగస్టు మాసమున ఈస్టిండియా కంపెనీవారికి యీ తీరమున కోట కట్టుకొన అనుమతి నొసగినవాడు దామెర్ల వేంకటాద్రి నాయకుడు. అతని తండ్రి చెన్నప్ప నాయకుని పేర చెన్నపట్టణము వెలసెను. ఇది అందఱెఱిగినదే, దీనిని పట్టుకొని మనవారు వేదికలపై చేయు గర్జనలతో నాకు పనిలేదు. పనికివచ్చునది దాని తరువాతి కథ. కోటకు వెలుపల దేశీయుల పట్టణము పెరుగగా అందలి వర్తకులలోను దుబాషీలలోను తెలుగువారు పెక్కురుండిరి. బేరి తిమ్మప్ప, కాశీ వీరన్న మొదలగువారి పేర్లు కంపెనీవారి కాగితములలో కనబడును. పట్టణపు కావలికాడైన పెద్దనాయకుని పేర పెద్దనాయకుని పేట ఏర్పడెను. నేటికిని జార్జిటౌనులో గోవిందప్ప నాయకుని వీధి, రాసప్ప చెట్టి వీధి, కొండిచెట్టి వీధి అను పేర్లు నిలిచియున్నవి. ఆ వీధులలోని కొట్లు ధాన్యమునకు, పప్పులకు, ఎండుమిరపకు, బెల్లమునకు, నూనెకు ప్రసిద్ధములు.

ఆ కొట్లకు నడుమ నుండినది కొత్వాలు చావడి. కన్యకాపరమేశ్వరీ దేవస్థానముతోను, ఆర్యవైశ్యులతోను పెనవేసికొన్న యీ అంగడి 1996 వఱకు యావత్తు నగరమునకును కూరగాయల పెద్ద బజారు. ఆ యేట దానిని కోయంబేడునకు తరలించిరి. ఇరుకు సందులలో బండ్లు కదలలేని స్థితి యేర్పడినందున తరలింపు తప్పనిసరి యయ్యెను. దానిని తప్పు పట్టలేము. కాని తెల్లవాఱుజామున బేరము సాగు వేళ తెలుగు వినవలెనన్న వెదకికొని పోదగిన చోటు ఒకటి దానితో తగ్గినదనుట నిజము. ఒక తరము క్రిందట ఆ చావడిలో మూటలు మోయువాడు, తూకము వేయువాడు, లెక్క వ్రాయువాడు ముగ్గురును తెలుగున మాటాడుకొనెడి వారని పెద్దలవలన వింటిని.

రేవుపట్టణమని పేరేగాని చెన్నపురికి చిరకాలము రేవు లేదు. ఓడలు కెరటములకు ఆవల లంగరు దింపి నిలువగా మసూలా పడవలపైనను, తెప్పలపైనను సరకును ఒడ్డునకు చేర్చెడివారు. 1881లో ఒక కొలిక్కి వచ్చిన రేవుగోడలను ఆ యేటి నవంబరు తుపాను కూల్చివైచెను. కావున సముద్రముకంటె కాలువయే చాలకాలము పట్టణమునకు నమ్మకమైన త్రోవ. 1801లో మొదలిడి 1806 నాటికి ఎన్నూరువఱకు త్రవ్విన కాక్రేను కాలువను క్రమముగా ఉత్తరమునకు పొడిగించిరి. అదియే తరువాత బకింగుహాము కాలువ యయ్యెను. పెదగంజాము మొదలు మరక్కాణమువఱకు సుమారు 420 కిలోమీటర్ల పొడవున తీరమును అంటిపెట్టుకొని సాగు యీ కాలువ, పెదగంజామువద్ద కొమ్మమూరు కాలువతో కలియును. ఆ మార్గమున కృష్ణా గోదావరీ మండలములనుండి ధాన్యము, నెల్లూరు సీమనుండి బియ్యము, దారి పొడుగునను వంటచెఱకు, ఉప్పు, పడవలలో చెన్నపురికి చేరుచుండెను. నెల్లూరు మొలగొలుకుల పేరు చెప్పిన వృద్ధుల నోట నేటికిని నీరూరును. పట్టణమున ఏ భాషవాడు ఏ కూర కలుపుకొని తినినను ఆ అన్నపు గింజలలో చాలభాగము తెలుగు మడులలో పండినది.

ఈ కాలువ చరిత్రలో మఱొక ఘట్టము గలదు. పట్టణపు నడుమ అడయాఱు కూవములను కలుపు భాగము 1877-78లో త్రవ్వబడెను. త్రవ్వినవారు కరవు కూలీలు. ధాత కరవని మనవారు చెప్పుకొను 1876-78 నాటి ఆ మహాక్షామమున చెన్నపురి కడలి యొడ్డున ఓడలు దింపిన బియ్యపు మూటలు కొండలుగా పేర్చబడియుండెను. మూటలకు కావలియు, మూటలకు ఆవల ఆకలియు నుండెను. నాడు సర్కారువారి పక్షమున వచ్చిన రిచర్డ్ టెంపుల్, కరవు పనికి వచ్చిన మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును ఒక అణాయును చాలునని నిర్ణయించెను. చెన్నరాష్ట్ర పారిశుద్ధ్యాధికారి కార్నిషు అనునతడు ఆ కూలి మనిషిని నిలుపదని వాదించెను. ఆ 1878లోనే కర్నలు కెన్నీ హెర్బర్టు చెన్నపురి దొరసానుల కొఱకు 'కలినరీ జాటింగ్స్ ఫర్ మద్రాస్' అను పాకగ్రంథమును ప్రకటించెను. దొరల విందులకు ఫ్రెంచి పద్ధతులను నేర్పు ఆ గ్రంథమున వంటవానికి ఒకటే పేరు: రామసామి. పట్టణములోని ప్రతి వంటవాడును ఆ దొరకు రామసామియే. అతడు అరవవాడో తెలుగువాడో తెలిసికొనవలసిన పని ఆయనకు కలుగలేదు.

కరవును గూర్చి చెప్పునపుడు అంతకు ముందటి ఒక సంస్థను మఱువరాదు. 1781-82 నాటి క్షామమున దిక్కులేనివారికి గంజి పోయుటకు పట్టణపు ఉత్తర భాగమున ఒక గంజికేంద్రము ఏర్పడెను. మణియకారు సత్రమని పిలువబడినది అదియే. తరువాత ఆ ప్రాంతమున ఆసుపత్రి పెరిగి స్టాన్లీ ఆసుపత్రి యయ్యెను. దానిని పాతకాలపు జనులు గంజితొట్టి ఆసుపత్రి అనెడివారు. ఆకలిగొన్నవారి కొఱకు పెట్టిన తొట్టి పేరు నూటయేబది యేండ్లకు మించి జనుల నోట నిలిచినది. చెన్నపురిలో ఇంతకాలము పేరు నిలుపుకొన్న హోటలు ఏదియు నాకు కనబడదు.

ఇక అన్నమును అమ్ముటను గూర్చి విచారింతము. తెలుగువానికి అన్నము పెట్టుట తెలియును గాని అమ్ముట తెలియదని మనలో కొందఱు గర్వముగా చెప్పుచుందురు. అది సరికాదు. ఓరుగంటి వీధులను వర్ణించు క్రీడాభిరామమున ఒక రూక యిచ్చి రుచికరమైన భోజనము చేయదగిన పూటకూటి యిల్లు ప్రసక్తమైనది. 1897లో అచ్చైన కన్యాశుల్కమున పూటకూళ్లమ్మ ముఖ్యపాత్రలలో ఒకతె. అయిదు శతాబ్దముల యెడమున పూటకూడు మనకు తెలిసిన వ్యాపారమే. ఐతే అది యింటిలో జరుగు వ్యాపారము. కొందఱు విధవలకు, పేద గృహస్థులకు జీవనాధారము. దానికి బోర్డు లేదు, పెట్టుబడి లేదు, రెండవ శాఖ లేదు. ఆ యిల్లాలు కన్ను మూసిననాడు ఆ వ్యాపారమును ముగియును. మనవారు హోటళ్లలో వెనుకబడుటకు ధర్మచింతన కారణమని చెప్పుటకంటె ఈ గృహపద్ధతియే కారణమని చెప్పుట నాకు సమంజసముగా తోచుచున్నది.

కలవారి సంగతి వేఱు. సుప్రీముకోర్టు దుబాషీగా నుండిన యేనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపురినుండి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిరి. ఆయన వ్రాసిన కాశీయాత్రచరిత్ర చదివినవారికి ఒక విషయము స్పష్టమగును. ప్రతి మజిలీలోను ఏ సరకులు దొరకును, నీరెట్టిది, దిగుటకు సత్రమున్నదా యని ఆయన పొందుపఱచిరి. పెద్ద పరివారముతో, వంట సామగ్రితో కదలు గృహస్థునకు కావలసినది బియ్యపు అంగడి, వంటచెఱకు, నీడ; వండిన అన్నము అమ్ము చోటు కాదు. చెన్నపురిలోని మన వర్తకులును దుబాషీలును ధనము కలిగినపుడు సత్రములు కట్టిరి, దేవాలయములలో నైవేద్యములకు మాన్యములు వ్రాసిరి. హోటలు పెట్టవలెనను తలంపు వారికి కలిగియుండదు.

అట్టి తలంపు కలిగినది ఉడిపివారికి. చెన్నపురి విశ్వవిద్యాలయము 1857లో ఏర్పడినది. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926లో స్థాపితమగువఱకు తెలుగు జిల్లాల విద్యార్థికి పట్టా కావలెనన్న ఈ విశ్వవిద్యాలయమే గతి. న్యాయవాదులు హైకోర్టునకును, ఉద్యోగార్థులు సచివాలయమునకును వచ్చుచుండిరి. ఇల్లు విడిచి యొంటరిగా వచ్చిన యీ గుమాస్తాలు, విద్యార్థులు, వ్యాజ్యగాండ్రు ఎవరి యింట తినవలెను? ఈ ప్రశ్నకు సమాధానముగా కాఫీ హోటలు పుట్టెను. దక్షిణ కన్నడమునుండి 1922లో వట్టిచేతులతో వచ్చిన కె. కృష్ణారావుగారు వంటింటి పనితో మొదలిడి, ఉడిపి శ్రీకృష్ణ విలాసును నడపి, 1938లో రాయపేటలో వుడ్‌లాండ్సును నెలకొల్పిరి. 1962లో తెఱచిన డ్రైవిన్ వుడ్‌లాండ్సు 2008 వఱకు నడచెను. 1954లో దాసప్రకాశ్ వచ్చెను. 1951లో మౌంటురోడ్డున బుహారీ వచ్చెను; దాని స్థాపకులు కొలంబో అనుభవమును వెంట తెచ్చినవారు. వంటవాడు బ్రాహ్మణుడైనచో ఎవరైనను తినవచ్చునను నాటి ఆచారము ఉడిపివారికి తోడ్పడెను. పని విభజన, శుభ్రత, వేళ తప్పని తనము, రొక్కపు లెక్క, ఇవి వారి స్వశక్తి. ఈ విషయమున వారిని మెచ్చుకొనవలెను. మన బజారు పప్పుతో వారు సాంబారు కాచిరని నిష్ఠురమాడుట తగదు.

ఆ హోటళ్లలో ఎవరు కూర్చుండిరి, ఎవరు కూర్చుండలేదు అను ప్రశ్న యింకను మిగిలియున్నది. బ్రాహ్మణులకు వేఱు గది, ఇతరులకు వేఱు గది యుండుట నాడు సామాన్యము. రైలు స్టేషనుల భోజనశాలలలో ఈ భేదము 1941లో తొలగెను. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చి, హోటలులో కూర్చుండనీయకుండుట శిక్షార్హమయ్యెను. 1957లో తిరువల్లిక్కేణిలోని ఒక హోటలు బోర్డుపై నుండిన 'బ్రాహ్మణ' శబ్దమును తీసివేయవలెనని దీర్ఘమైన పోరాటము జరిగెను. ఈ చరిత్ర అంతయు ద్రావిడోద్యమ చరిత్రగా వ్రాయబడినది, అది న్యాయమే. అందు మన పాలు ఒకటి కలదు. చెన్నపురి నగరసభ పారిశుద్ధ్యపు పనిలో తరతరములుగా నుండినవారిలో తెలుగు మాటాడు ఆది ఆంధ్రులు పెద్దసంఖ్య. నెల్లూరు, ఒంగోలు, గుంటూరు ప్రాంతములనుండి వచ్చినవారి సంతతి వారు. తెల్లవాఱకముందే హోటలు వెనుక గుట్టపడిన ఎంగిలి విస్తళ్లను ఎత్తినవారిలో తెలుగువారుండిరి. ముందు తలుపున లోనికి పోవు హక్కు వారికి చాలకాలము లేదు. తెలుగువారు ఈ నగరమునకు చేసిన సేవను మన సంచికలలో లెక్కించునపుడు దివానులను, దుబాషీలను, జమీందారులను పేర్కొందుము. ఈ విస్తళ్లెత్తిన చేతులను పేర్కొనము. నేడు తెలుగు మాధ్యమపు బడులలో మిగిలిన పిల్లలలో ఎక్కువమంది వీరి బిడ్డలే. ఈ నగరమున తెలుగు అక్షరము ఇంకను బడిలో నిలిచియున్నదన్న అది వారి పుణ్యమని ఉపాధ్యాయుడనుగా నేను చెప్పగలను.

బడిని గూర్చి చెప్పితిని గనుక దీనితో పెనవేసికొన్న మఱొక సంగతి. 1920 సెప్టెంబరు 16వ తేదీన చెన్నపురి నగరసభ ఒక తీర్మానము చేసెను. వేయిదీపముల పేటలోని నగరసభ పాఠశాల పిల్లలకు మధ్యాహ్నమున ఫలహారము పెట్టవలెను. ఒక్కొక్క పిల్లవానికి దినమునకు ఒక అణాకు మించరాదు. నాడు నగరసభాధ్యక్షులు సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారు, తెలుగు మాటాడు దేవాంగ కులమున పుట్టినవారు. టెంపుల్ దొర అణాను చూచితిమి. ఇది త్యాగరాయ చెట్టిగారి అణా. పేదపిల్లలు ఆకలివలన బడి మానుచున్నారని గుర్తించి పెట్టిన యీ ఫలహారము మఱి నాలుగు బడులకు వ్యాపించి, ప్రభుత్వము వ్యయమున కొప్పనందున 1925లో ఆగిపోయెను. ఆ యేటనే త్యాగరాయ చెట్టిగారును కీర్తిశేషులైరి. తరువాత 1956లో కామరాజుగారి ప్రభుత్వమును, 1982లో ఎం.జి. రామచంద్రన్‌గారి ప్రభుత్వమును దీనిని రాష్ట్రమంతట విస్తరింపజేసిరి. 2022లో ఉదయపు ఫలహారమును చేరెను. త్యాగరాయనగరమున పట్టుచీరలు కొనుటకు పోవు మనవారిలో ఎందఱికి ఆ పేరు గల పెద్దమనిషి బడిపిల్లలకు అన్నము పెట్టిన సంగతి తెలియునో నేను చెప్పజాలను. నా యెఱుకలో చెన్నపురి తెలుగువారు నెలకొల్పిన అన్నశాలలలో ఇంత పెద్దది మఱొకటి లేదు. దానికిని తెలుగు బోర్డు లేదు, ఉండనక్కఱలేదు.

అన్నమును గూర్చిన యీ వ్యాసమున ఒక ఉపవాసమును గూర్చియు చెప్పక తీరదు. 1901లో జార్జిటౌనులోని అణ్ణాపిళ్ల వీధిలో పుట్టిన పొట్టి శ్రీరాములుగారు 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి ఆలయమున హరిజనులకు ప్రవేశము కల్పింపవలెనని నిరాహారదీక్ష చేసిరి. 1952 అక్టోబరు 19న మైలాపురమున బులుసు సాంబమూర్తిగారి యింట ఆంధ్రరాష్ట్రము కొఱకు మఱల అన్నము మానిరి. డిసెంబరు 15వ తేదీ రాత్రి ప్రాణము విడిచిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడెను. చెన్నపురి దానిలో చేరలేదు. ఆ విభజన రాజకీయములను చర్చించుటకు ఇది చోటు కాదు. విస్తరి మీద అది చేసిన మార్పును మాత్రము చెప్పెదను. అంతకు ముందు చెన్నపురిలో తెలుగు వంటకు పేరు అక్కఱలేకుండెను. అది పట్టణములో ఒక యింటి వంట. 1953 తరువాత అది పొరుగు రాష్ట్రపు వంట యయ్యెను. నెల్లూరినుండియు గుంటూరునుండియు వచ్చి విద్యార్థులకు, ఉద్యోగులకు, కోడంబాకపు చిత్రపరిశ్రమలోని వారికి భోజనము పెట్టిన మెస్సులు తమ పేరునకు 'ఆంధ్రా' చేర్చుకొనెను. తెలుగు చిత్రపరిశ్రమ క్రమముగా హైదరాబాదునకు తరలిపోయినను ఆ బోర్డులు నిలిచినవి. అవి మంచి భోజనమే పెట్టుచున్నవి. వానిపై నాకు కోపము లేదు. ఐతే ఆ మాట పడినది మొదలు పాత చెన్నపురి తెలుగువాని వంట పేరులేనిదయ్యెను. కారము తక్కువగా, చింతపండు మితముగా, ఎండుకొబ్బరియు మిరియమును కలిపి అతడు చేయు పులుసు ఆంధ్రము కాదు, అరవము కాదు. ఏ హోటలు దానిని వండగలదు?

రేవు మఱొక తిండిని తెచ్చినది. తెలుగు కూలీలు కోరంగి మొదలగు రేవులనుండి బర్మాకు పోయి రంగూను ఓడరేవున మూటలు మోసిరి. అందుచే బర్మావారు మనవారిని కోరంగీలనిరి. 1930 మే నెలలో రంగూను రేవున వారికిని బర్మీయులకును దారుణమైన కొట్లాట జరిగెను. 1942లో యుద్ధభయమునను, 1964లో అంగళ్లు జాతీయమైనందునను భారతీయులు వేలకొలది మఱలి వచ్చిరి. ఓడ దిగినవారిలో తమిళులును తెలుగువారును గలరు. 1969లో రేవునకు ఎదురుగా బర్మా బజారు వెలసెను. ఆ పరిసరములలో సాయంకాలమున పెనముల చప్పుడు విననగును. ఉడికించిన సేమ్యావంటి మందపు పిండితీగలలో ఉల్లి, క్యాబేజి, చింతపండు రసము, వేయించిన వెల్లుల్లి, కారము చేతితో కలిపి యిచ్చుదురు. దానిని అత్తో అందురు. అరటిదూట వేసిన వేడి చారును దానికి తోడుగా పోయుదురు. విశాఖపట్టణములో బర్మాక్యాంపు అను పేటలోను ఇట్టి తిండి దొరకును. రంగూను రేవునుండి రెండు తీరములకు విడివడి వచ్చిన తోబుట్టువుల వంటి వంటలవి. తెలుగు రుచి యనగా ఆవకాయ యొకటే యని వాదించువారు ఒకసారి ఆ బండ్ల యొద్ద నిలువబడి చూడవలెను.

ఇంటి వంట ఎంతవఱకు నిలిచియున్నదని అడుగువారికి నా తరగతి గదినుండి కొంత చెప్పగలను. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టమున తమిళము బడులలో మొదటి భాషగా తప్పనిసరి యయ్యెను. తొలి జట్టు 2016లో పదవ తరగతి పరీక్షకు వచ్చునప్పటికి అల్పసంఖ్యాక భాషల పిల్లలు మినహాయింపు కొఱకు న్యాయస్థానముల తలుపు తట్టవలసి వచ్చెను. ఉన్న నేల భాషను నేర్చుకొనుట పిల్లలకు మేలే. దానిని నేను ఎన్నడును కాదనలేదు. ఐనను తెలుగునకు మిగులు గంటలు తగ్గినవి. ఆ కొద్ది గంటలలో ఛందస్సు చెప్పనా, ఉత్తరము వ్రాయుట చెప్పనా యని తర్కించుకొని, ఒక యేడు ఆఱవ తరగతివారిచేత వారి యింట వారమంతయు వండిన వానిని తెలుగు పేర్లతో వ్రాయించితిని.

వచ్చిన జాబితాలు నాకు ఏ నిఘంటువును చెప్పని సంగతులు చెప్పినవి. చారును పలువురు రసమనిరి, పెరుగును కొందఱు తైరనిరి, వేపుడు పొరియలయినది. పచ్చడి అనగా ఒక పిల్లకు రోటిలో నూరినది, మఱొక పిల్లకు తమిళుల వాడుక ననుసరించి పెరుగులో కలిపినది. ఇవి ఇరుగుపొరుగున బ్రదుకు భాషలకు సహజము. వంటకు చివర చేయు పని కడ మాత్రము తేడా వచ్చెను. అవియే నూనె, ఆవాలు, ఎండుమిరప, కరివేపాకు. పేర్లు మాత్రము నాలుగు. ఒక యింటివారు పోపు అనిరి. ఒక యింటివారు తాలింపు అనిరి. తమిళుల తాళిప్పు దీనికి చుట్టము. ఒకరు తిరగమాత, మఱొకరు తిరగబోత. విచారింపగా పోపు అన్నవారి ముత్తాతలు గోదావరి ప్రాంతమువారు. తిరగమాత, తిరగబోత అన్నవారు నెల్లూరు, చిత్తూరు సీమలనుండి వచ్చినవారు. ఆ యిండ్లలో ఊరి పేరును మఱచిపోయినవారుండిరి, ఇంటిపేరును మార్చుకొన్నవారుండిరి. మూకుడులో ఆవాలు చిటపటలాడువేళ అవ్వ పలికిన మాట మాత్రము మాఱలేదు. ఏ ఊరినుండి ఎవరు ఏ త్రోవన ఈ పట్టణమునకు వచ్చిరో తెలిసికొనగోరు పరిశోధకులు శాసనములతో పాటు ఈ మాటలను కూడ సేకరింపవలెనని నా మనవి. అవ్వలు ఉన్నంతకాలమే ఆ పని సాధ్యము. రాయపురము, తొండియార్పేట, కొఱుక్కుపేట, వ్యాసర్పాడి ప్రాంతములలో ఇట్టి అవ్వలు ఇంకను గలరు. మన సంఘమువారు కొందఱు యువకులను కాగితము, కలముతో వారి వంటిండ్లకు పంపినచో ఒక్క వేసవిలో ముగియు పని.

తిరగబోత అను మాట వచ్చిన జాబితా ఒక పారిశుద్ధ్య కార్మికుని కుమారునిది. తెలుగు ఒత్తులు ఇంకను పట్టుపడనందున వాడు ఆ మాటను తమిళ లిపిలో వ్రాసికొని వచ్చెను. ఆ లిపిలో గకారమునకును బకారమునకును వేఱు అక్షరములు లేవు. చూచిన నాకు అది 'తిరకపోత' యని కనబడెను. వానిని లేచి చదువుమంటిని. వాడు తడుముకొనక 'తిరగబోత' అని చదివెను.